ఎరుపు లేని చార్టు

...అసలు ఎరుపన్నది లేకపోతే ఆలస్యమన్నదీ లేదు కదా, అనుకున్నాడు సారంగపాణి. రంగు ఉంది కాబట్టి గడువు దాటినట్టు తెలుస్తోంది. రంగు తీసేస్తే మిగిలేది పని ఒక్కటే. పనికేం, నిన్న ఉంది, ఇవాళ ఉంది, రేపూ ఉంటుంది. అందులో తప్పు పట్టడానికి ఏముంది? థర్మామీటరు పగలగొట్టిన ఇంట్లో ఎవరికీ జ్వరం రాదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ పెద్దవాళ్లెవరికీ ఎందుకు తట్టలేదు?

హనుమకొండలో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, రెండో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని అతను ఈ సత్యాన్ని కనుగొన్నాడు. పాఠకులు తొందరపడి నవ్వకూడదు. ఆలస్యాన్ని జయించడానికి మనుషులు గడియారాలు చేశారు, సైరన్లు మోగించారు, హాజరు యంత్రంలో వేళ్లు పెట్టించారు. ఏదీ పనిచేయలేదు. జయించాలంటే చేయాల్సింది త్వరపడటం కాదు, ఆలస్యం కనిపించకుండా చూసుకోవడం! ఈ సంగతి మొదట గ్రహించినవాడు మన పాణి. దక్కాల్సిన గౌరవం అతనికి దక్కాలి.

విషయం తెలియనివారి కోసం రెండు ముక్కలు. గాంట్ చార్టు అని ఒకటుంది. ఏదైనా పెద్ద పని తలపెట్టినప్పుడు అందులోని చిన్న పనులన్నిటినీ ఒకదాని కింద ఒకటి అడ్డపట్టీలుగా గీసి, ఏది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో తారీఖుల కింద చూపించే బొమ్మ. దూరం నుంచి చూస్తే కొత్తవాడ మగ్గం మీది జంపఖానాలా ఉంటుంది. తేడా ఒక్కటే. జంపఖానా మీద మనం కూర్చుంటాం. ఈ చార్టు మన మీద కూర్చుంటుంది.

దీనికో దుర్గుణం ఉంది. గడువు దాటిన పట్టీ దానంతటదే ఎర్రబడుతుంది.

"పాణీ, గా ఎరుపు తీసెయ్ బ్రదర్" అన్నాడు మేనేజరు సదానందం, ఓ ఉదయం కుర్చీ వెనక నిలబడి. "క్లయింటు బీపీ మనిషి. పొద్దుగాల లేవంగనే చార్టు తెరుస్తడట. ఎర్రగ కనవడితె ఛాయ్ గూడ దిగుతలేదట."

"లేటయితె ఎర్రగయితది సార్. అది చార్టు పని."

"దాని పని అది చేస్తది. మన పని మనం చేద్దాం. తీసెయ్."

క్లయింటుది ములుగు రోడ్డులో అపార్ట్‌మెంట్లు కట్టే వ్యాపారం. పిల్లర్లు ఎరుపు, ప్లంబింగ్ ఎరుపు, లిఫ్టు ముదురు ఎరుపు. ఆయన చార్టు తెరిస్తే మిర్చి సీజన్లో మార్కెట్ యార్డు చూసినట్టుండేది. కళ్లు మండటం సహజం.

చిక్కేమిటంటే ఆ చార్టు పాణి రాసింది కాదు. ఎక్కడో ఎవరో జావాస్క్రిప్టులో రాసి అమ్మిన విడ్జెట్, కొని తగిలించుకునే రెడీమేడ్ ముక్క. దాని లోపలి కోడును ముట్టుకోకూడదన్నది ఆ వృత్తిలో మడి. ముట్టుకోకుండా మార్చాలి. అందుకో ఉపాయం ఉంది. విడ్జెట్‌లోని క్లాసుకు, అంటే పట్టీ ఎలా నడుచుకోవాలో రాసిపెట్టిన నమూనాకు, ఒక పిల్ల క్లాసును పుట్టించాలి. తల్లి గుణాలన్నీ పిల్లకు వస్తాయి. నచ్చని గుణం ఒక్కదాని స్థానంలో మాత్రం మనకు కావలసింది రాసుకుంటాం. దీన్ని ఎక్స్‌టెండ్ చేయడం అంటారు. కొత్తకోడలు అత్తగారి పులుసును పల్లెత్తు మాట అనకుండా, తన గిన్నెలోకి వంపుకుని కాస్త బెల్లం కలుపుకోవడం లాంటిది. అత్తగారి పులుసు అలాగే ఉంది. జగడం లేదు. కోడలి అన్నం తియ్యగా ఉంది.

పాణికి ఈ పద్ధతి ఒంటికి పట్టింది. అతనికి వృత్తి నేర్పిన విద్య కాదిది, పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు లెక్కల పేపరు మీద ఎర్రసిరా కనబడితే చించేవాడు కాదు, దాచేవాడు కాదు. ఎరుపు లోపలికి పోయేలా మడిచి, మంచి వైపు పైకి పెట్టి సంతకానికి ఇచ్చేవాడు. పెద్దయ్యాక ఎవరికీ ‘కాదు’ అని చెప్పిన గుర్తు లేదు. ఆ మాట రావాల్సిన ప్రతిచోటా అతని లోపల ఒక పిల్ల క్లాసు పుట్టుకొచ్చి ‘చూద్దాం’ అనేది. అబద్ధమా? కానే కాదు. లోపలి మనిషిని ఎవరూ ముట్టుకోలేదు. కొంచెం ఎక్స్‌టెండ్ చేశాడు, అంతే.

అలా పుట్టిన క్లాసుకు ‘శాంతబార్’ అని పేరు పెట్టాడు. శాంతబార్ గడువు దాటినా ఎర్రబడదు. లేత ఆకుపచ్చ రంగులోనే ఉండి, చడీచప్పుడు లేకుండా తన గడువును కుడివైపు జరుపుకుంటుంది. మౌసు పెడితే పాత క్లాసు ‘ఇన్ని రోజులు ఆలస్యం’ అని మొహాన చెప్పేది. శాంతబార్ ‘ప్రగతిలో ఉంది’ అంటుంది. ఎంత మర్యాద!

క్లయింటు ఆ పూట ఛాయ్ తాగాడట. రెండో కప్పు కూడా అడిగాడట. సదానందం పొంగిపోయి ఇంకొన్ని కోరికలు పట్టుకొచ్చాడు. ఒక పని కోసం ఇంకో పని ఆగి ఉందని చూపించే బాణాలుండేవి. ఎవడి వల్ల ఎవడు ఆగాడో వాటితో బయటపడేది. పాణి బాణం క్లాసును ఎక్స్‌టెండ్ చేసి, గుచ్చుకునే కొన తీసేశాడు. ఎంత శాతం పూర్తయిందో చెప్పే అంకె తొంభైకి తగ్గకుండా కట్టుదిట్టం చేశాడు. రెండు పట్టీలు ఢీకొంటే పెద్దపని నిలబడి, చిన్నపని పక్కకు ఒదిగేలా సంస్కారం నేర్పాడు. చివరికి చార్టు మధ్యలో నిలువుగా ‘ఈరోజు’ను చూపించే గీత ఒకటి మిగిలింది.

"గది గూడ తీసెయ్ పాణీ. అది ఉంటె అందరు దాన్నే చూస్తాండ్రు."

తీసేశాడు. ఇప్పుడు చార్టులో నిన్నా రేపూ ఉన్నాయి. ఇవాళ లేదు.

పక్క సీటు నవనీత, పాణి రాసిన కోడులో తప్పులు వెతకడమే ఉద్యోగంగా ఉన్న పిల్ల, తెర వైపు చాలాసేపు చూసింది.

"పాణన్నా, గిది చార్టా, గడ్డి పొలమా?"

"క్లయింటుకు నచ్చింది."

"నచ్చుతది. గట్లయితె లేటు ఎవలదో ఎట్ల తెలుస్తది?"

"లేటు ఎవలదీ కాదు."

"మంచిగుందన్నా. మా కాలేజీల ఉన్నప్పుడు చెప్పకపోతివి, నా బ్యాక్‌లాగులు గూడ పచ్చగ చేసుకుంటుంటి."

ఈ పిల్లకు దూరదృష్టి లేదు. నిజానికి శాంతబార్‌ను ఒక్క చార్టుకు పరిమితం చేయడమే అన్యాయం! తొర్రూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లకు ‘బస్సు రాలేదు’ అనే బదులు ‘బస్సు ప్రగతిలో ఉంది’ అని మైకులో చెబితే కాళ్లు నొప్పి పుడతాయా? మీ వీధి మలుపులో మూడు వానాకాలాల నుంచి ఉన్న గుంత మీద లేత ఆకుపచ్చ పరదా కప్పితే ఎవరికైనా కోపం వస్తుందా? కాలు విరగవచ్చు. కోపం రాదు. ఇక తొంభై శాతం సంగతి అంటారా, దాన్ని సాఫ్ట్‌వేరువాళ్లు కనిపెట్టారనుకోవడం మన అజ్ఞానం. దర్జీలు ఎప్పుడో కనిపెట్టారు. ‘అంతా అయిపోయింది మేడం, హుక్కులొక్కటే ఉన్నయి’ అని దర్జీ చెప్పిన జాకెట్టు గుడ్డ, నిజానికి ఇంకా సంచిలోంచి బయటికి రాలేదని తెలియని ఇల్లాలు వరంగల్‌లో ఉందా? అయినా ఆమె నవ్వి తిరిగి వెళుతుంది. తొంభైలో ఉన్న మహిమ అది.

ఇంత గొప్ప క్లాసు రాసినవాడికి ఇంట్లో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. ఆమె పేరు శ్యామలమ్మ. అతని తల్లి.

శ్యామలమ్మ కొత్తవాడలో జంపఖానా మగ్గాలకు కండెలు చుడుతుంది. కొడుకు చదువైపోయి ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో ఆమె మేడారం పోయి ఒక మొక్కు మొక్కింది. వాడికి నౌకరి వస్తే వాడి నిలువెత్తు బంగారం సమర్పించుకుంటానని. మేడారంలో బంగారమంటే బెల్లం. మొక్కున్న మనిషి కాంటా ఎక్కాలి. ఎంత తూగితే అంత బెల్లం, ఆ మనిషి వెంట ఉండి, సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర పెట్టాలి. నౌకరి వచ్చింది. ఆ తర్వాత రెండు జాతరలు వచ్చాయి, పోయాయి. రెండేళ్లకోసారి వచ్చే జాతర. రెండుసార్లూ పాణికి ఆఫీసులో అర్జెంటు పని.

"ఈసారన్న పోదామా కొడుకా?" అని ఆమె కండె తిప్పుతూనే అడిగింది.

"చూద్దామమ్మా."

"రెండు జాతరల సంది చూస్తనే ఉన్నవు. కండ్లు గుంజుతలేవా?"

"జర ఆగమ్మా, ఈ పనొక్కటి అయిపోనీ."

"నేనాగుత. నువ్వు ఆగుతలేవు గద. మొక్కిన్నాడు కట్టెపుల్ల లెక్క ఉంటివి. గిప్పుడు చూడు. నువ్వు ఆగబట్టిన కొద్ది అమ్మవారి బంగారం పెరుగుతాంది."

ఇందులో అతిశయోక్తి లేదు. ఆఫీసు కుర్చీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మిర్చిబజ్జీ కలిసి పాణి మొక్కును ఏటికేడు పెంచుతున్నాయి. వాయిదా వేస్తే లావెక్కే మొక్కును ఏ దేవత కాదంటుంది? ఇది ఒక విధంగా భక్తే కదా, అని పాణి తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూండగా తల్లి లేవబోయి గోడ పట్టుకుంది. మోకాళ్లు. గోడ పట్టుకున్న చెయ్యి కాసేపు అక్కడే ఉంది. పాణి చెప్పులు వెతుక్కున్నాడు.

ఈసారి అతను మనసులో గట్టిగానే అనుకున్నాడు, వెళ్లాలని. అనుకోవడం తొంభై శాతం.

ఆ వారమే సదానందం మరో శుభవార్త చెప్పాడు. చార్టు ఇంత బాగుంది కనుక మన జట్టు పనులూ సెలవులూ అన్నీ ఇకనుంచి అందులోనే. అర్జీలు అక్కర్లేదు, అడుక్కోవడం అక్కర్లేదు. ఎవరి సెలవు పట్టీ వాళ్లు గీసుకోవచ్చు!

పాణి జాతర రోజుల కింద తన సెలవు పట్టీ గీశాడు. ఆ విడ్జెట్ క్యాలెండరుకు శని, ఆదివారాలు తెలుసు. సమ్మక్క సారలమ్మలు తెలియరు. అందుకని పట్టీ మీద పేరు కూడా రాశాడు: ‘మేడారం, అమ్మతో’. మౌసు వదిలాడు.

పట్టీ మెల్లగా కుడివైపు నడిచింది. జాతర దాటి, ఆ తర్వాతి వారంలో ఆగింది. లేత ఆకుపచ్చగా మెరిసింది.

ఏమైంది? ఏమీ కాలేదు. క్లయింటుకు కొత్త వెర్షన్ అప్పగించే పని దసరాకు ముందే అయిపోవలసింది. అది అవలేదని ఎవరికీ తెలియలేదు, ఎరుపు లేదు కనుక. శాంతంగా జరుగుతూ జరుగుతూ వచ్చి అది సరిగ్గా జాతర వారంలో కూర్చుంది. పెద్దపని నిలబడింది. చిన్నపని పక్కకు ఒదిగింది. సెలవుల్ని చిన్నపనుల్లో కూడా చివరన పెట్టినవాడు సదానందమే అయినా, ఒదగడం నేర్పినవాడు పాణి.

అతను పట్టీని మౌసుతో పట్టి వెనక్కి లాగాడు. వదిలాడు. అది తిరిగి వెళ్లింది. మళ్లీ లాగాడు. ఎదురు తిరగలేదు, తప్పు చూపలేదు, కోప్పడలేదు. ప్రతిసారీ అదే నమ్రత, అదే ఆకుపచ్చ. మౌసు పెట్టి చూస్తే ‘ప్రగతిలో ఉంది’ అంది. ఈ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు. విన్నది తన గొంతే. ‘చూద్దామమ్మా’ అనేది సరిగ్గా ఇలాగే ఉంటుంది. అయితే అతను ఇన్నాళ్లూ దాన్ని చెప్పేవైపు ఉన్నాడు. వినేవైపు ఉండటం ఇదే మొదలు.

"లాగకన్నా, దానికి నొస్తది" అంది నవనీత పక్కనుంచి. ఆ తర్వాత పట్టీ మీది పేరు చదివి తన తెర వైపు తిరిగింది.

పాణి సదానందం దగ్గరకు వెళ్లాడు.

"సార్, నా సెలవు..."

"ఇచ్చిన గదా పాణీ. చూడు, పచ్చగనే ఉంది."

"గప్పటికి జాతర అయిపోతది సార్."

"అమ్మవార్లు ఏడికి పోతరు బ్రదర్? తర్వాతి వారం రష్ గూడ ఉండది. మంచిగ దర్శనం చేసుకొని రా."

"వనంలకు పోతరు సార్."

"ఎవలు?"

"అమ్మవార్లు. జాతర మూడొద్దులే గద్దెల మీద ఉంటరు. మల్ల వనంలకు పోతరు. అంతే సార్."

సదానందం తెర మీది ఆకుపచ్చ పట్టీ వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. అతనూ ఎవరికీ కాదనలేని మనిషే, అందుకే మేనేజరయ్యాడు.

"చూద్దాం" అన్నాడు.

ఇక్కడ ఈ కాలమ్ రాసేవారికి ఒక ఇబ్బంది వచ్చింది. ఇంతవరకూ శాంతబార్‌ను నిష్పక్షపాతంగా మెచ్చుకుంటూ వచ్చాం. ఇకపై కూడా మెచ్చుకోవాలనే ఉంది. కానీ జాతరను వెంటబెట్టుకొచ్చే మాఘ పున్నమి ఉంది చూశారూ, దాన్ని ఎవరూ ఎక్స్‌టెండ్ చేయలేదు. చంద్రుడికి పిల్ల క్లాసు లేదు. ఏ క్లయింటు బీపీ కోసమూ ఆయన కుడివైపు జరగడు. పెద్ద మొండిఘటం!

మర్నాడు పొద్దున్నే శ్యామలమ్మ కొడుకు బండి ఎక్కింది. ఆఫీసుకు పోతూ పోతూ తనను బీట్ బజార్‌లో బెల్లం దుకాణం దగ్గర దించమంది. ఊరికే ధర అడిగి వస్తానంది. పాణి దించి వెళ్లిపోదామనే వచ్చాడు. బండి ఆపాడు గానీ ఇంజను ఆపలేదు.

దుకాణం లింగమూర్తి ఆమెకు పాత పరిచయం. గల్లా దగ్గర్నుంచే పలకరించాడు.

"ఏందక్కా, ఈసారన్న పోతాండ్రా? అల్లుడు ఒప్పిండా?"

"ఏమో తమ్మీ. వాన్నే అడుగు."

లింగమూర్తి పాణిని కిందినుంచి పైదాకా చూశాడు. చూపుతోనే తూచే మనిషి.

"అల్లుడా, నీ ఇష్టం. ఇంకో జాతర ఆగినా నాకు నష్టం లేదు. నువ్వట్లనే తింటాంటె ఒక్క మొక్కుకే నా దుకాణం ఖాళీ అయితది."

లోపల బెల్లం ముద్దలు గోనెల మీద పేర్చి ఉన్నాయి. ఈగలు ఉన్నాయి, తేనెటీగలు కూడా ఉన్నాయి. పక్కనే పెద్ద కాంటా, మనిషి నిలబడగలిగిన ఇనుప పలకతో. ఎవరో ముసలాయన దాని మీదనుంచి అప్పుడే దిగి చొక్కా సర్దుకుంటున్నాడు. ఆయన కుటుంబం ముద్దలు లెక్కపెట్టుకుంటూ ఏదో విషయానికి పోట్లాడుకుంటోంది. చాలా సంతోషంగా పోట్లాడుకుంటోంది.

శ్యామలమ్మ మెట్టెక్కబోయి ఆగింది. దుకాణం స్తంభం పట్టుకుంది.

"అమ్మా, నువ్వే పోయి పెట్టరాదే? పక్కింటి రాజక్కోళ్ల జీపుల పోతవేమో" అన్నాడు పాణి. అంటుండగానే అది తన లోపలి క్లాసు మాట అని తెలిసింది.

"మొక్కు నాది కాదురా, నీ పేరు మీదిది. నువ్వు లేంది ఎట్ల పెడుత?" ఆమె కోపంగా అనలేదు. "ఒక్క మాట చెప్త, ఇను. ఈసారి నడుస్త. గద్దెల దాక ఎట్లనో గట్ల నడుస్త. మల్లొచ్చేసారి సంగతి నాకు తెల్వది కొడుకా."

పాణి నోట ఈసారి ‘చూద్దాం’ కూడా రాలేదు. అతనికి ఎందుకో మౌసు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు లాగినా నమ్రతగా వెనక్కి వెళ్లిపోయే ఆ పట్టీ, అతనిలాంటి ఒక మంచివాడు. రెండు జాతరలుగా అమ్మ లాగుతూనే ఉంది. చెయ్యి నొప్పి పుట్టినట్టు ఒక్కసారీ చెప్పలేదు.

పాఠకులారా, ఆలస్యం వరమే. అందులో అనుమానం లేదు. ఆలస్యం చేసేవాళ్లకి అది వరం. ఎదురుచూసేవాళ్లను మాత్రం ఇంతవరకూ ఏ క్లయింటూ, ఏ మేనేజరూ, ఏ విడ్జెట్టూ అడిగి చూడలేదు. అడిగితే ఏ రంగు చెబుతారో!

ఫోను మోగింది. తెర మీద సదానందం పేరు.

పాణి బండి ఇంజను ఆపాడు. చెప్పులు మెట్టు కింద విడిచాడు. ల్యాప్‌టాప్ సంచీతోనే కాంటా వైపు నడుస్తుంటే లింగమూర్తి ఆపాడు.

"సంచి దించు అల్లుడా. దానిక్కూడ బెల్లం ఎత్తుతవా ఏంది?"

సంచీ దించి గోనె మీద పెట్టాడు. ఫోను ఇంకా మోగుతూనే ఉంది. దాన్నేం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. శ్యామలమ్మ స్తంభం వదిలి, చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను చెప్త తియ్, తూకంల ఉన్నడని."

అతను ఫోను ఆమె చేతిలో పెట్టి, కాంటా ఎక్కాడు.